అన్నీ చదివేశాం... మరి ఆ అంకె ఎక్కడిది?

ఒక్కసారి మీ ఫోన్ హోమ్‌స్క్రీన్‌ మీదకి వెళ్లి చూసి రండి. ఏదో ఒక యాప్ మూలన ఎర్రచుక్క ఉండే ఉంటుంది. అందులో ఓ అంకె. నొక్కి లోపలికెళ్తే కొత్తగా ఏమీ ఉండదు. బయటికొస్తే అంకె అలాగే ఉంటుంది! ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటాం. ఒకట్రెండు రోజులు పోకపోతే చిరాకేసి, చివరికి 'పోనీలే' అనుకుని అలవాటు పడిపోతాం.

ఈ వ్యాసం ఆ 'పోనీలే' గురించే.

ఆ చుక్క ఎర్రగా ఉండటం ఊరికే జరిగింది కాదు. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చి, మన దృష్టిని లాక్కునే ఇలాంటి ఎత్తుల మీద గొంతెత్తిన ట్రిస్టన్ హ్యారిస్ ఓ సంగతి చెప్పారు. ఫేస్‌బుక్ మొదట్లో నోటిఫికేషన్ గుర్తుని తన నీలం రంగులోనే పెట్టిందట. ఎవరూ పట్టించుకోలేదట. ఎరుపులోకి మార్చగానే అందరూ నొక్కడం మొదలుపెట్టారట. ట్రాఫిక్ సిగ్నల్ చూసినా, అంబులెన్స్ చూసినా మన కన్ను ముందు ఎరుపు దగ్గరే ఆగుతుంది. 'ఇక్కడేదో ఉంది, చూడు' అని చెప్పే రంగు అది. చూసిన ప్రతిసారీ అక్కడ ఏమీ లేకపోతే ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను.

గంట మోగినా ఎవరూ రాలేదు

నేను ఓ చిన్న కంపెనీలో వెబ్ డెవలపర్‌ని. ఆఫీసు అయ్యాక, గుంటూరులో ఓ రక్తదాతల బృందం నడుపుకునే వెబ్‌సైట్ బాగోగులు చూస్తుంటాను. జీతం లేదు, టీ మాత్రం ఇస్తారు. దాన్ని కట్టింది ఇంజినీరింగ్ కుర్రాళ్లు. ఉద్యోగాలొచ్చి బెంగళూరు వెళ్తూ పాస్‌వర్డులు నా చేతిలో పెట్టారు. సైట్లో పెద్ద హంగులేమీ లేవు. రోగి తాలూకువాళ్లు ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి అన్నవి నింపుతారు. ఆ గ్రూపుకి సరిపోయే దాతలు సైట్ తెరిస్తే పైన గంట బొమ్మ మీద అంకె పెరిగి కనిపిస్తుంది. అనుమతి ఇచ్చినవాళ్ల ఫోన్‌కి నోటిఫికేషన్ కూడా వెళ్తుంది. ఇవ్వనివాళ్లే ఎక్కువ. కనపడ్డ ప్రతి వెబ్‌సైటూ 'అలౌ' నొక్కమని వెంటపడుతుంటే జనం చూడకుండానే 'బ్లాక్' నొక్కడం నేర్చుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. అలాంటివాళ్లకి ఆ గంటే దిక్కు. పొద్దున ఓసారి, రాత్రి ఓసారి తెరిచి చూసుకుంటారు.

నేను పని తీసుకున్న మూడో వారం. రాత్రి తొమ్మిదికి ఓ నెగటివ్ కావాలని అభ్యర్థన వచ్చింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని ఓ అమ్మాయికి. ఓ నెగటివ్‌తో వచ్చిన చిక్కేంటంటే, వాళ్ల ఎర్రకణాలు అవసరమైతే ఎవరికైనా ఎక్కించొచ్చుగానీ వాళ్లకి మాత్రం ఆ గ్రూపుదే కావాలి. మన దేశంలో ఆ గ్రూపువాళ్లు చాలా తక్కువ. బ్లడ్‌బ్యాంకులో ఉన్న ఒక్క యూనిట్ అప్పటికే వాడేశారు. మా జాబితాలో పదకొండుమంది దాతలున్నారు. పదయింది. ఒక్కరూ కదల్లేదు. ఆ అమ్మాయి భర్త ఫోన్ చేసి, "అన్నా, మీ సైట్లో పెట్టి గంటయింది. ఎవరూ చూడట్లేదా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

బృందాన్ని నడిపే అక్క ఇలాంటివాటికోసమే ఇంకా ఓ పాత నోటుబుక్ దగ్గర పెట్టుకుంది. అందులో నంబర్లు చూసి వరసగా ఫోన్లు కొట్టింది. నాలుగో నంబర్ ఎత్తింది ఓ ఆర్టీసీ కండక్టర్. ఇరవై నిమిషాల్లో బండేసుకుని ఆసుపత్రికి వచ్చేశాడు.

సినిమాల్లోలాగా పక్క మంచం మీద పడుకోబెట్టి ఎక్కించేయరు. దాత ఇచ్చిన రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి. క్రాస్‌మ్యాచ్ చేయాలి. అందుకే దాత ఎంత ముందొస్తే అంత మంచిది. ఆ రాత్రి ఈలోపు తెనాలి నుంచి ఒక యూనిట్ రావడం అదృష్టం. తర్వాత కండక్టర్ అన్న ఇచ్చింది ఎక్కించారు. అమ్మాయి బయటపడింది.

మర్నాడు నేను కండక్టర్ అన్నకి ఫోన్ చేశాను. మెసేజ్ అందలేదేమో కనుక్కుందామని.

"రాత్రి సైట్ తెరిచానే తమ్ముడూ. మళ్లీ ఎప్పుడు ఇవ్వచ్చో డేట్ చూసుకుందామని. తొమ్మిదింపావు అయుంటది."

"మరి గంట మీద అంకె చూడలేదా అన్నా?"

"ఉంది. నాలుగనుకుంటా. నిన్న మూడో నాలుగో ఉన్నట్టు గుర్తు. అది ఎప్పుడూ ఉంటది, నొక్కితే లోపల ఏం ఉండదు. మొదట్లో నొక్కేవాణ్ని. చూసి చూసి ఒదిలేశా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పేదేముంది! పాత ఫోన్ కదా, దాని రోగమే అనుకున్నా."

సున్నా ఒకటయితే ఎవరి కన్నయినా పడుతుంది. మూడు నాలుగైతే ఎవరికి తెలుస్తుంది?

చిన్నప్పుడు మనందరం విన్న 'నాన్నా పులి' కథే ఇది. కాకపోతే ఇక్కడ ఉత్తినే అరిచింది పిల్లాడు కాదు, మా వెబ్‌సైట్. ఆసుపత్రుల్లో దీనికి ఓ పేరుంది, 'అలారం ఫెటీగ్' అంటారు. ఐసీయూలో యంత్రాలు రోజంతా కీచుకీచుమంటుంటాయి. వాటిలో చాలావరకు పట్టించుకోనక్కర్లేనివే. విని విని నర్సుల చెవులు వాటికి అలవాటుపడిపోతాయి. అసలైన అలారం కూడా ఆ గోలలో కలిసిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి కాబట్టే.

పాపం, ఫోన్ ఏ తప్పూ చేయలేదు

ఆ సాయంత్రమే కూర్చున్నాను. నా ఫోన్లో సైట్ తెరిస్తే గంట శుభ్రంగా సున్నా చూపిస్తోంది. మా వృత్తిలో ఎందుకూ పనికిరాని వాక్యం ఒకటుంది: 'నాకు బాగానే వస్తోందే'. అది పైకి అనకుండా, కండక్టర్ అన్నని స్క్రీన్‌షాట్ అడిగాను. పంపించాడు. గంట మీద 3. కింద 'కొత్త అభ్యర్థనలు లేవు' అన్న వాక్యం. రెండూ ఒకే స్క్రీన్ మీద, ఒకదాని పక్కన ఒకటి.

ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా మొదట చెప్పేది 'క్యాష్ క్లియర్ చెయ్' అని. అది మరీ గుడ్డి సలహా ఏం కాదు. బ్రౌజర్ డేటా ఆదా చేయడానికి పేజీ పాత కాపీని దాచుకుంటుంది. కొన్నిసార్లు కొత్తది అడగకుండా ఆ చద్దిదే వడ్డిస్తుంది. కానీ చద్దిదో కాదో తేల్చడానికి అన్నీ తుడిచేయక్కర్లేదు. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, అక్కడ లాగిన్ అయితే చాలు. అందులో పాత కాపీలేవీ ఉండవు. అన్న అనుమతితో ఆయన అకౌంట్‌ని నా ల్యాప్‌టాప్‌లో అలా తెరిచాను. మళ్లీ 3! అంటే ఆయన ఫోన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇన్నాళ్లూ పాపం దాన్ని తిట్టుకున్నాడు.

ఇక మిగిలింది సర్వర్. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ అని ఉంటాయి. వాటిలో 'నెట్‌వర్క్' అన్న భాగం తెరిస్తే పేజీ సర్వర్‌ని ఏమేం అడుగుతోందో, అది ఏమని జవాబిస్తోందో వరసగా కనిపిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు వంటింట్లో ఏం గుసగుసలాడుకుంటున్నారో వినడంలాంటిదన్నమాట. చూస్తే గంట కోసం పేజీ రెండు ప్రశ్నలు వేస్తోంది. 'చదవనివి ఎన్ని?' అని ఒకటి. జవాబు: మూడు. 'అవేంటి?' అని ఇంకొకటి. జవాబు: ఖాళీ.

ఒకే సర్వర్, ఒకే నిమిషంలో, ఒకే మనిషి గురించి రెండు రకాలుగా చెబుతోంది.

కారణం డేటాబేస్‌లో దొరికింది. ఒక అభ్యర్థన రాగానే, అది వెళ్లాల్సిన ప్రతి దాత పేరు మీదా ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది సైట్. దాని మీద 'చదివారు', 'చదవలేదు' అని గుర్తు. అంకె చెప్పే ప్రోగ్రామ్ ఆ చీటీలను మాత్రమే లెక్కపెడుతోంది. జాబితా చూపించే ప్రోగ్రామ్ ఒక అడుగు ముందుకేసి, ఒక్కో చీటీ పట్టుకుని అసలు అభ్యర్థన దగ్గరికి వెళ్తోంది. అది కనపడకపోతే నోరెత్తకుండా ఆ చీటీని దాటేస్తోంది. అంటే అభ్యర్థన తొలగించేసినా చీటీలు మిగిలే ఉన్నాయి. చదవడానికి అక్కడ ఏమీ లేదు, కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా అవి 'చదివారు'లోకి మారవు. ఏ జన్మకీ!

మరి అభ్యర్థన తొలగించేదెవరు? రోగి ఇంట్లోవాళ్లే. రక్తం దొరికాక, ఇంకెవరూ శ్రమపడి రాకూడదని, మర్యాదగా 'దొరికింది, తీసేయండి' అన్న బటన్ నొక్కేవాళ్లు. ఆ బటన్‌ని సైట్ కట్టిన ఏడాదికి ఎవరో తర్వాత జోడించారు. ఒక ప్రాణం నిలబడిన ప్రతిసారీ అది కొందరు దాతల గంటల మీద ఓ దయ్యం అంకెని వదిలిపెట్టి వెళ్తోంది.

అందరికీ కాదు, కొందరికే. అభ్యర్థన తొలగించేలోపు తెరిచి చూసినవాళ్లకి ఏ బాధా లేదు, వాళ్ల చీటీ అప్పటికే 'చదివారు' అయిపోయింది. డ్యూటీలో ఉండి ఆలస్యంగా చూసేవాళ్లకే ఇవి పోగుపడ్డాయి. నాకు కనపడకపోవడానికీ అదే కారణం, నేను దాతగా చేరి నెల కూడా కాలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఓ నెగటివ్ ఎర్రకణాలు ఎవరికైనా పనికొస్తాయి కదా అని, ఏ నెగటివ్ గ్రూపు అభ్యర్థన వచ్చినా ఓ నెగటివ్ దాతలకి కూడా పంపేలా సైట్ కట్టారు. మంచి ఆలోచనే. కానీ దానివల్ల దయ్యం అంకెలు అందరికన్నా ఎక్కువ చేరింది వాళ్ల గంటల మీదే. ఊళ్లో అందరికన్నా తక్కువమంది ఉన్నవాళ్లు, పిలిస్తే తప్పక వినపడాల్సినవాళ్లు. వాళ్లకే చెవుడు తెప్పించాం.

సున్నా చేసేస్తే సరిపోదా?

ఓ ఫ్రెండ్‌కి చెబితే, "ఇంత ఆలోచనెందుకురా, గంట నొక్కగానే సున్నా చేసేయ్. చాలా యాప్‌లు చేసేది అదే" అన్నాడు. నిజమే, ఐదు నిమిషాల పని. సినిమా అప్‌డేట్లు చూపించే యాప్‌కి అది చాలు. ఇక్కడ కుదరదు. రద్దీ బస్సులో టికెట్లు కొడుతూ కండక్టర్ అన్న పొరపాటున గంట నొక్కి, చూడకుండానే ఫోన్ జేబులో పెట్టుకున్నాడనుకోండి. అంకె పోతుంది, అభ్యర్థన ఆయనకి ఎప్పటికీ కొత్తదిగా కనపడదు. లేనిది ఉందని చెప్పే గంటని బాగుచేయబోయి, ఉన్నది లేదని చెప్పే గంటని తయారుచేసినట్టే.

నేను చేసింది రెండు పనులు. అంకెకీ జాబితాకీ వేర్వేరు లెక్కలు తీసేసి, ముందు జాబితా తయారు చేయించి, అందులో ఎన్ని ఉంటే అన్నే గంట మీద చూపించమన్నాను. ఇక ఆ రెండూ పోట్లాడుకోవడానికి వీల్లేదు. రెండోది నాకు ఇంకా నచ్చిన పని. 'తీసేయండి' బటన్ నొక్కితే అభ్యర్థన మాయమవకుండా, ఆకుపచ్చ రంగులో 'రక్తం దొరికింది, ధన్యవాదాలు' అని మారేలా చేశాను. గంట మీద అంకె దానికి లెక్కకు రాదు. కానీ దాత జాబితా తెరిస్తే కనిపిస్తుంది. అంతకుముందు దాతలకి అడగడమే తెలుసు, దొరికిందో లేదో తెలిసేది కాదు. "ఇది బాగుంది తమ్ముడూ" అని కండక్టర్ అన్న ముందు మెచ్చుకున్నది దీన్నే. గంట సంగతి ఆయన తర్వాత రెండ్రోజులకి గమనించాడు.

పేరుకుపోయిన పాత చీటీలన్నిటినీ ఒక రాత్రి కూర్చుని తుడిచేశాను. అవి వందల్లో ఉన్నాయి.

మీ ఫోన్ సంగతేంటి?

మీ ఫోన్లో కనిపించే దయ్యం అంకెల వెనకా సాధారణంగా ఇదే కథ ఉంటుంది. అంకె చెప్పేది ఒకరు, సరుకు చూపించేది ఇంకొకరు.

ఐఫోన్‌లో ఐకాన్ మీద కనిపించే అంకెని చాలాసార్లు ఫోన్ లెక్కపెట్టదు. ఆపిల్ 2009లో పుష్ నోటిఫికేషన్లు తెచ్చినప్పటినుంచీ ఉన్న పద్ధతి ఏంటంటే, యాప్ సర్వర్ మెసేజ్‌తోపాటు 'ఐకాన్ మీద ఇంత వెయ్యి' అని అంకె కూడా పంపుతుంది. ఫోన్ చెప్పింది చెప్పినట్టు వేస్తుంది. మీరు ఆ మెసేజ్‌ని ల్యాప్‌టాప్‌లో చదివేసినా సరే, యాప్ మళ్లీ తెరుచుకుని సరిచేసేదాకానో, సర్వర్ కొత్త అంకె పంపేదాకానో పాతదే వేలాడుతుంది. అందుకే ఒక్కోసారి యాప్ పూర్తిగా తెరిచి, ఓ నిమిషం ఉంచితే దానంతటదే పోతుంది.

ఆండ్రాయిడ్‌ది ఇంకో తీరు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఐకాన్ మీద చుక్క, పైనుంచి కిందికి లాగితే కనిపించే నోటిఫికేషన్లకి ముడిపడి ఉంటుంది. నోటిఫికేషన్‌ని పక్కకి తోసేస్తే చుక్క కూడా పోతుంది. మెసేజ్ మాత్రం చదవకుండా లోపలే ఉంటుంది! అమ్మ పంపిన మెసేజ్‌కి 'చూళ్లేదమ్మా' అని మీరు చెప్పింది నిజమే అయుండొచ్చు. దీనికి మందు ఒకటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ఉంది. ఆన్ చేసి పెట్టుకుంటే గత 24 గంటల్లో తోసేసినవి కూడా అక్కడ కనిపిస్తాయి. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, వెతికి ఆన్ చేయాలి.

అసలు రాకపోతే మాత్రం అది వేరే రోగం. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి యాప్ నోటిఫికేషన్లకి ముందు అనుమతి అడగాలి, అప్పుడు వద్దన్నారేమో చూడండి. ఒకే యాప్‌లో ఆఫర్లకో ఛానల్, మెసేజ్‌లకో ఛానల్ ఉంటాయి. ఆఫర్ల గోల భరించలేక యాప్ మొత్తాన్నీ నోరు మూయించేకన్నా ఆ ఒక్క ఛానల్ ఆపొచ్చు. ఆలస్యంగా వస్తుంటే బ్యాటరీ సెట్టింగులు చూడండి. ఫోన్ కదలకుండా పడి ఉన్నప్పుడు యాప్‌లని నిద్రపుచ్చే 'డోజ్' 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. దానిపైన కొన్ని కంపెనీలు తమ సొంత పొదుపు కూడా కలిపాయి. ముఖ్యమైన యాప్‌కి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇక వెబ్‌సైట్ల నోటిఫికేషన్లు ఐఫోన్‌లో రావాలంటే ఐఓఎస్ 16.4 కానీ ఆ తర్వాతది కానీ ఉండాలి, ఆ సైట్‌ని హోమ్‌స్క్రీన్ మీద పెట్టుకోవాలి. మా దాతల్లో ఐఫోన్లున్న కుర్రాళ్లకి ఇది ఒక్కొక్కరికీ చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇన్ని చేసినా పోకపోతే ఆ యాప్‌వాళ్లకి రాయండి. 'నోటిఫికేషన్ పనిచేయట్లేదు' అని రాస్తే మాత్రం వాళ్లకి ఏమీ అర్థం కాదు. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఎన్నింటికి, ఏం నొక్కితే ఏం కనిపించింది, ఏం కనిపించాలి, ఇంకో ఫోన్లో కూడా అంతేనా... ఈ నాలుగు ముక్కలూ, పైన టైమ్ కనిపించే స్క్రీన్‌షాటూ ఉంటే సగం పని అయిపోయినట్టే. కండక్టర్ అన్న పంపిన ఆ ఒక్క స్క్రీన్‌షాట్ లేకపోతే నేను ఇంకో వారం వెతికేవాణ్ని.

మా సైట్లో ఇప్పుడు గంట పక్కన చిన్న అక్షరాలతో 'ఇందులో తేడా ఉందా? చెప్పండి' అన్న లింక్ ఉంది. నొక్కితే ఫోన్ మోడల్, టైమ్ అవే నిండిపోతాయి. మొదటి నెలలో ఆరు ఫిర్యాదులొచ్చాయి. ఐదు నిజమైనవే. ఆరోది కండక్టర్ అన్నది. డ్యూటీలో ఫోన్ 'డు నాట్ డిస్టర్బ్'లో పెట్టుకుంటాడు, అప్పుడేం చేయాలని అడిగాడు. సైట్ చేయగలిగింది ఏమీ లేదు. అక్క నంబర్‌ని స్టార్ కాంటాక్ట్‌గా పెట్టుకుని, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్ మాత్రం మోగేలా సెట్ చేయమన్నాను. పదకొండుమంది ఓ నెగటివ్ వాళ్లలో తొమ్మిదిమంది పెట్టుకున్నారు. మిగిలిన ఇద్దరి వెంట అక్క పడుతోంది.